ఆగమన్నా ఆగని బండి మీద గద్వాల నుంచి కృష్ణ అడుగుదాకా

"అంత ఎండల్లో ఆ వైపు ఎందుకు పోయారు మేడమ్?" అని మా తెనాలిలో కనిపించిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు. గద్వాల అంటే వాళ్లకు చీర గుర్తొస్తుంది. వనపర్తి పేరు వినే ఉంటారు. నాగర్‌కర్నూలు ఎటు ఉందో అడిగితే చేత్తో ఆకాశం వైపు చూపిస్తారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు, అందుకని అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను బళ్లో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఈల ఊదితే రెండు వీధుల అవతల పిల్లలు కూడా నిటారుగా నిలబడేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు, అందువల్ల నా వేసవులన్నీ నావే. ఏటా మోటారు సైకిలు తీసి ఎటో ఒకవైపు పోయి వస్తాను. నన్ను ఆపాలని చూసేది మా తమ్ముడు రమణ ఒక్కడే. వాడి ఇల్లు మా గోడ పక్కనే, కాబట్టి తప్పించుకోలేను.

రెండేళ్ల కిందట మేడ మెట్ల మీద జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక అన్నం తినడానికి, చీర కట్టుకోవడానికి ఇబ్బంది లేదు గానీ క్లచ్ నొక్కడం మాత్రం నరకమైంది. పది గేర్లు మార్చేసరికి చేయి మొద్దుబారిపోయేది. "ఇక చాలక్కా, అమ్మేద్దాం" అన్నాడు రమణ. అప్పుడు దొరికింది క్లచ్ లాగుడు తేలిక చేసే ఈ కిట్. ఇంజను పక్కన క్లచ్ వైరు వచ్చి తగులుకునే ఒక ఇనప పట్టీ ఉంటుంది. దాన్ని తీసి, దానికంటే పొడుగైన పట్టీ వేస్తారు. పట్టీ పొడుగయ్యేసరికి లివర్ వెన్నలా వస్తుంది. నేనే పెరట్లో కూర్చుని స్పానర్లు పట్టి బిగించాను. రమణకు మాట కూడా ఇచ్చాను: ఈ ఒక్క ప్రయాణం నా చెయ్యి సరిగ్గా నడిపితే బండి నాది, లేదంటే తిరిగి రాగానే అమ్మేస్తాను.

బండి లేకపోతే నేను ఏం చెయ్యాలో నాకు తెలియదు. అది వాడికి చెప్పలేదు.

గద్వాల

కర్నూలు దాటేదాకా ఏ గొడవా లేదు. పెద్ద రోడ్డు మీద క్లచ్‌తో పనేముంది, గేరులో పడేసి పోవడమే. గద్వాల ఊళ్లోకి వచ్చాక మేకల మంద అడ్డం వచ్చింది. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా నొక్కి పట్టి ఆగాను. బండి ఆగలేదు. మెల్లగా, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు ముందుకు పోయింది. బ్రేకు నొక్కితే ఇంజను గిలగిలలాడి ఆరిపోయింది. న్యూట్రల్ కోసం కాలితో ఎంత తడిమినా దొరకలేదు. మేకలు పోయాయి, చివరి మేక మాత్రం నిలబడి నన్నే చూసింది.

ఇందులో వింతేమీ లేదని నాకు తెలుసు. పట్టీ పొడుగైతే లాగుడు తేలికవుతుంది, దానికి బదులు లోపల క్లచ్ ప్లేట్లు విడిపోయే దూరం తగ్గుతుంది. అవి పూర్తిగా విడిపోకపోతే ఇంజను చక్రాన్ని లాగుతూనే ఉంటుంది. వైరు కాస్త వదులుగా ఉండి ఉంటుంది, బిగిస్తే సరిపోతుంది అనుకుని నేతపనివాళ్ల వీధిలోకి తిప్పాను, అక్కడ నీడ ఉందని.

మిట్టమధ్యాహ్నం. ఆ వీధిలో ఒక్క మనిషి లేడు, ఒక్క కుక్క లేదు. తలుపులన్నీ ఓరగా వేసి ఉన్నాయి. కానీ ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వస్తోంది. నేను ముందుకు పోతున్నకొద్దీ వెనక ఇళ్లలో చప్పుడు ఆగిపోతోంది, ముందు ఇళ్లలో మొదలవుతోంది. భోజనాల వేళ కదా, లేస్తున్నవాళ్లు లేస్తున్నారు, కూర్చునేవాళ్లు కూర్చుంటున్నారు అని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది. అదే సమయంలో బండి క్లచ్‌ను లెక్క చెయ్యకుండా ఒక ఇంటి ముందుకు పోయి, గడపకు చక్రం ఆనించి ఆరిపోయింది.

లోపలి నుంచి నడివయసు మనిషి వచ్చాడు. పేరు ఈరన్న. వాళ్ల అత్తది రాయచూరు వైపట, ఆమె "బన్ని, బన్ని" అంటూ నన్ను లోపలికి పిలిచింది. నేల మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు. పుంటికూర అంటే మన గోంగూరే, కాకపోతే మనలా నూనెలో ఈదించరు. పప్పులో వేసి, పైన పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటారు. రొట్టె చల్లారితే అట్టముక్క అవుతుందని ఈరన్న భార్య సరోజ నా పక్కనే నిలబడి ఒక్కొక్కటే పొయ్యి మీంచి తెచ్చి వేసింది. మా వైపు అతిథిని చూసి మొహమాటపడతాం, వీళ్లు దగ్గరుండి మరీ తినిపిస్తారు. పైసా తీసుకోకుండా మా తెనాలిలో హోటలువాడు మంచినీళ్లు కూడా పొయ్యడు.

తిన్నాక సరోజ మగ్గం మీది పాత పడుగు, అంటే నిలువు దారాల, కొసలకు కొత్త పడుగు పోగులు అతుకుతూ కూర్చుంది. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలు కలిపి ఒక్క మెలి తిప్పుతుంది, ముడి లేకుండా అతుక్కుపోతాయి. నేనూ చేస్తానన్నాను. పోగు నా ఎడమచేతి వేళ్ల మధ్య ఉందో లేదో తెలియలేదు, ఎన్నిసార్లు మెలిపెట్టినా జారిపోయింది. "అలవాటు లేకపోతే గట్లనే అయితది అక్కా" అంది సరోజ. వయసు మీద పడుతోందని తిట్టుకుని వదిలేశాను.

సాయంత్రం వైరు బిగించాను. ఇంజను ఆన్ చేసి మొదటి గేరు వేసి క్లచ్ పట్టుకున్నాను. మళ్లీ అదే కథ. ఈరన్న చూసి, "జర నేను జూస్త" అని ఎక్కాడు. అదే గేరు, అదే క్లచ్. బండి బుద్ధిగా నిలబడింది. దిగి నాకు ఇచ్చాడు. నేను ఎక్కి పట్టుకున్నాను, ముందుకు జరిగింది. మళ్లీ తను ఎక్కాడు, నిలబడింది.

సరోజ గడప మీద నుంచి దిగలేదు. "ఈ బండి నీకంటే ముంగట ఎవరిది అక్కా?"

"ఎవరిదీ కాదు. షోరూములోంచి నేనే తెచ్చుకున్నాను."

"మరి నీ మాట వింటలేదేంది?"

మర్నాడు పొద్దున బయల్దేరబోతే ముందు చక్రం కింద నిమ్మకాయ ఉంది. మా వైపు కొత్త బండికి పెడతాం, పాత బండికి పెట్టగా నేను చూడలేదు. సరోజకు నమస్కారం పెట్టి దాని మీద నుంచే పోయాను. ఇలాంటివి నమ్మనని నలభై ఏళ్లుగా పిల్లలకు చెబుతూ వచ్చినదాన్ని, పక్కకు తిప్పి పోయి ఉండొచ్చు. పోలేదు.

వనపర్తి

జూరాల ప్రాజెక్టు మీదుగా వెళ్లాను. గేట్లన్నీ దించి ఉన్నాయి, కింద నది ఎండి రాళ్లు బయటపడ్డాయి. అంత పొడవు కట్ట మీద నేనొక్కదాన్నే. మధ్యలో ఎవరో పిలిచినట్టు అనిపించి అద్దంలో చూశాను. వెనక రోడ్డు ఎండకు మెరుస్తోంది, అంతే. మళ్లీ చూడకూడదనుకున్నాను గానీ కట్ట దిగేదాకా చూస్తూనే ఉన్నాను.

వనపర్తిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మరమరాలు నానబెట్టి పోపు పెడతారు. మా వైపు మరమరాలు పిల్లలకిచ్చే చిరుతిండి, ఇక్కడ అదే కడుపు నిండే టిఫిను. హోటలాయనే ఖాజా అనే మెకానిక్ దగ్గరికి పంపాడు. షెడ్డు సందు చివర ఉంది. ఖాజాకు నా ఈడే ఉంటుంది, గడ్డానికి గోరింటాకు. నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు.

"కిట్ ఎవలేసిండ్రు?"

"నేనే."

"మంచిగనే వేసిండ్రు" అన్నాడు. నేను కాస్త నిటారుగా కూర్చున్నాను.

ఆ పూటంతా ఇద్దరం ఒక్కో అనుమానం తీర్చుకుంటూ వచ్చాం. ఆయిలు చిక్కగా ఉంటే ప్లేట్లు అంటుకుంటాయని ఆయిలు మార్చాడు. ప్లేట్లు వంకరపోయాయేమోనని మూత విప్పి ఒక్కొక్కటీ అద్దం పలక మీద పెట్టి చూశాడు, అన్నీ చదునుగానే ఉన్నాయి. చివరికి నేను వేసిన పొడుగు పట్టీని పీకి, అది కూర్చునే ఇరుసు మీది పళ్లలో ఒక పన్ను వెనక్కి తిప్పి బిగించాడు. పట్టీ మొదట్లోనే ముందుకు వాలి ఉంటే చివరి లాగుడంతా వృథా అవుతుందట. అది నా తప్పే, ఒప్పుకున్నాను. ఎలాగూ అవసరం రాదని పాత పట్టీ ఇంట్లోనే పడేసి వచ్చాను. ఉన్నా ఈ చేత్తో దాన్ని లాగలేను.

ఖాజా బండి స్టార్టు చేసి గేరు వేసి క్లచ్ పట్టి రెండు చెప్పులూ నేల మీద ఆనించాడు. కదల్లేదు. న్యూట్రల్ ఒక్క తన్నుకే పడింది. "లీజియే మేడమ్" అని నవ్వుతూ దిగాడు. నేను ఎక్కి గ్లవ్స్ వేసుకుని క్లచ్ పట్టాను. బండి షెడ్డు గోడ వైపు జరిగింది. ఖాజా నవ్వు ఆగిపోయింది. మళ్లీ తను ఎక్కాడు, మళ్లీ నన్ను ఎక్కించాడు. ముందు చక్రం ముందు గొంతుక్కూర్చుని అది తిరగడం చూశాడు. నేనూ వంగి దాన్నే చూశాను.

"మిషన్ అన్నంక అందరికీ ఒక్క తీరుగ పనిజేయాలె" అన్నాడు చివరికి. "నాకొక తీరు, మీకొక తీరు జేస్తుంది. గిట్లాంటిది నేను ఎన్నడు జూడలే."

"అంటే ఏమిటంటారు?"

"నాకు తెల్వదు. ఇంటికి లారీల ఏసుకపొండ్రి మేడమ్. మీదెక్కి నడపకుండ్రి."

లారీ మీద బండి వేసుకుని తెనాలిలో దిగితే రమణ ఏమీ అనడు. ఏమీ అనకుండా కొనేవాణ్ణి పిలుస్తాడు. వద్దని చెప్పి, ఎప్పుడు ఆగాల్సి వస్తే అప్పుడు ఇంజను ఆపేస్తూ పోదామని నిశ్చయించుకున్నాను.

పాన్‌గల్

వనపర్తి నుంచి కొల్లాపూర్ పోయే దారిలో పాన్‌గల్ వస్తుంది. గుట్ట మీద పాత కోట గోడలు దూరం నుంచే కనిపిస్తాయి. ఎంతసేపు పోయినా ఆ గుట్ట అదే దూరంలో ఉన్నట్టుంటుంది, ఒక్కసారిగా పక్కకు వచ్చేస్తుంది. రోడ్డు పక్కన చెట్టు కింద ఒకావిడ కుండతో సల్ల అమ్ముతోంది. మజ్జిగను ఇక్కడ సల్ల అంటారు. దూరం నుంచే ఇంజను కట్టేసి, దొర్లించుకుంటూ ఆమె దగ్గరికి చేరాను.

ఆమె గ్లాసు ఇవ్వకుండా నా వెనక్కి చూసింది. "ఎవరు తోస్తుండ్రమ్మా?"

"ఎవరూ లేరండి. దొర్లుకుంటూ వచ్చింది."

"మెరక ఉన్నదిగదా" అంది.

వెనక్కి తిరిగి చూశాను. నిజమే, నేను వచ్చింది చిన్న ఎగువ. ఊపు మీద ఎక్కి ఉంటుంది, అంతకు ముందు పల్లం ఉంది. అలా అని ఆమెకు చెప్పాను. ఆమె తలూపింది గానీ గ్లాసు నా చేతికివ్వకుండా సీటు మీద పెట్టింది. సల్ల చాలా బావుంది, ఉప్పు, వాము వేసింది. మా వైపు అల్లం, కరివేపాకు లేకపోతే మజ్జిగ అనం. ఆ రుచి మీద మనసు పెట్టాలని చూశాను.

భయం వేసింది. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆమె సామాను సర్దుకుని వెళ్లాక ఎవరూ లేని చోట, నున్నటి రోడ్డు మీద ఒక్కసారి పరీక్ష చేశాను. గేరు వేసి, క్లచ్ పట్టి, కళ్లు మూసుకున్నాను. శక్తి కొద్దీ పట్టాను. బండి నన్ను తీసుకుని నడవడం మొదలుపెట్టింది. "ఎక్కడికే?" అని బయటికే అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించి, కళ్లు తెరిచి ఆపేశాను.

కృష్ణ అడుగున

కొల్లాపూర్ దాటి నది ఒడ్డుకు వచ్చాను. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు ఇక్కడి ఊళ్లు చాలా నీళ్లలో మునిగాయి. ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి పోయినప్పుడు కొన్ని ఊళ్ల ఆనవాళ్లు బయటపడతాయి. అవతల నల్లమల నల్లగా నిలబడి ఉంటుంది, ఇవతల పగుళ్లిచ్చిన ఒండ్రు మట్టి మైదానంలా పరుచుకుని ఉంటుంది. దాని మధ్యలోంచి ఒక తారు రోడ్డు తిన్నగా దిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది. మైలురాయి కూడా ఉంది, అక్షరాలు లేవు.

ఒడ్డున ఒక ముసలావిడ కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన చిన్న గుడ్డమూట. పేరు కిష్టమ్మ. ఆటోవాడు దింపి పోయాడట, పొద్దు గూకే ముందు వస్తాడట. ఏటా కోడలు తోడు వచ్చేది, ఈసారి కోడలికి నెలలు నిండాయట.

"మా ఇల్లు తేలింది బిడ్డా" అంది, చుట్టాలు వచ్చారన్నంత మామూలుగా. "మోకాళ్లతోని దిగొస్తలేదు. జర నీ బండి మీద దింపుతవా?"

ఇన్ని ఊళ్లలో నా మాటే వినని ఈ బండి మీద ఇంకొకరిని ఎలా ఎక్కించుకోను? బండి బావుండలేదని చెప్పాను. "మెల్లగ పోదాం తియ్" అని ఆమె అప్పటికే భుజం పట్టుకుని ఎక్కేసింది.

మొదటి గేరులో దిగాను. రోడ్డు మీద ఎండిన నాచు. ఒండ్రు మొదలైన చోట ఆగాలని క్లచ్ పట్టాను. బండి ఆగలేదు. నీళ్లు దగ్గరయ్యాయి, అడుగున రోడ్డు ఇంకా కనిపిస్తూనే ఉంది. బ్రేకు నొక్కితే నాచు మీద చక్రం జారింది, రెండోసారి పట్టింది, ఇంజను ఆరిపోయింది. నీళ్లకు మూరెడు దూరంలో ఉన్నాం. కిష్టమ్మ నా వీపు మీద తట్టి, "ఊరు పోయినంక రోడ్డు ఎటు వాయె అని నేను గూడ జూడాలనుకునేదాన్ని" అంది. ఆమెకు భయం లేదు.

అక్కణ్నుంచి నడక. ఆమె మూట విప్పింది, అందులో జొన్నలు. తేలిన ఇంటికి వట్టి చేతులతో పోకూడదట. రెండు గుప్పిళ్లూ నింపుకుని పోవాలి. కుడిచేతివి గడపకు, ఎడమచేతివి పోయినవాళ్లకు. ఇల్లు చేరేదాకా గుప్పిడి విప్పకూడదు. ఆమెకు ఒక చేతిలో కర్ర ఉండాలి, ఇంకో చేతికి నా భుజం కావాలి. అందుకని నన్ను మోయమంది. గ్లవ్స్ తీసి బండి మీద పెట్టి రెండు చేతులూ చాచాను. పోసి, "మూయ్" అంది. మూశాను.

ఇల్లు కనిపిస్తూనే ఉంది. గోడలు లేవు, పునాది రాళ్లు, ఒక గడప బండ. నేను తిన్నగా నడవబోతే భుజం పట్టి లాగింది. "ఏంది, ఎల్లమ్మోళ్ల వంటింట్లకెళ్లి పోతవా? తొవ్వ మీద రా." అక్కడ వంటిల్లు లేదు, గోడ లేదు, మోకాలెత్తు రాయి కూడా లేదు. అయినా ఆమె చెప్పిన తొవ్వ, అంటే దారి, పట్టుకుని చుట్టూ తిరిగి పోయాం. కొంత దూరం పోయి, "గీడ మలుగు" అంది, వట్టి మట్టిలో మలుపు తిరిగాం. ఒక చోట తల వంచింది, ఒకప్పుడు చూరు కిందికి ఉండేదట. నేనూ వంచాను. దూరంగా ఇంకో కుటుంబం నడుస్తోంది, వాళ్లూ అలాగే, ఖాళీలో మలుపులు తిరుగుతూ, ఒకచోట పక్కకు ఒదిగి ఎవరికో దారి ఇస్తూ. గాలి లేదు. వాళ్ల మాటలు వినిపించడం లేదు.

గడప ముందు నిలబడ్డాం. ఆమె వంగి కొంగుతో ఒండ్రు తుడిచి పసుపు రాసింది. "కుడిచెయ్యి" అంది. విప్పితే జొన్నలు గడప మీద పడ్డాయి. "ఎడమచెయ్యి" అంది.

విప్పాను. ఒక్క గింజ లేదు.

ఇద్దరం వెనక్కి చూశాం. మేము వచ్చిన దారి పొడుగునా, ప్రతి మలుపులోనూ, జొన్నలు వరసగా పడి ఉన్నాయి. ఎల్లమ్మోళ్ల వంటింటి మూల దగ్గర కాస్త ఎక్కువగా. అన్ని గింజలు ఆరుబయట పడి ఉన్నా ఒక్క పిట్ట వాలలేదు.

"అమ్మా, నేను విప్పలేదు" అన్నాను. "ఒట్టు, గట్టిగా పట్టుకునే ఉన్నాను."

"ఏం గాదు. ఈ గల్లీలోళ్లు తొవ్వలనే తీసుకున్నరు" అంది మామూలుగా. తర్వాత నా ఎడమచెయ్యి అందుకుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో వేలి కొస గిల్లి, "తెలుస్తుందా?" అని అడిగింది. బొటనవేలు దాటాక ఏమీ తెలియలేదు. వేళ్లన్నీ తన అరచేత్తో మూసి, వదిలింది. అవి నెమ్మదిగా తెరుచుకున్నాయి.

"నీ చెయ్యి మూసుకుంటలేదు బిడ్డా. నువ్వు మూసిననుకుంటున్నవ్."

ఆమెను గడప మీద కూర్చోబెట్టి బండి దగ్గరికి పోయాను, తొవ్వ మీదనే. స్టార్టు చేసి, గేరు వేసి, గ్లవ్స్ లేకుండా క్లచ్ పట్టాను. ఈసారి చక్రం వైపు చూడలేదు, చేతి వైపు చూశాను. పూర్తిగా నొక్కాననుకున్నాను. లివర్‌కీ హ్యాండిల్‌కీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు ఉంది. పాత క్లచ్ గట్టిగా ఉన్నా సగం లాగితే చాలేది. ఈ కిట్ తేలిక, కానీ చివరిదాకా లాగాలి. ఆ చివర ఉన్నదే నా వేళ్లకు అందడం లేదు, అందడం లేదన్న సంగతి కూడా వేళ్లు నాకు చెప్పడం లేదు. కుడిచెయ్యి తీసుకొచ్చి ఎడమచేతి వేళ్ల మీద పెట్టి నొక్కాను. బండి చటుక్కున నిలబడింది. పాపం, దానికి ఎప్పుడూ ఏమీ లేదు.

ఏడ్చాను. బండికి దయ్యం పట్టిందని ఖాయమైనా అంత భయపడేదాన్ని కాదు. దయ్యమైతే బండితో పాటు వదిలించుకోవచ్చు.

కిష్టమ్మ నెమ్మదిగా వచ్చింది. విషయం చెబితే లివర్‌ను తడిమి చూసి, జొన్నల మూట గుడ్డను దులిపి, దాని చుట్టూ మందంగా చుట్టమంది. "నీ చెయ్యి దాని కాడికి పోకపోతే, దాన్నే ఇటు దెచ్చుకో." గుడ్డ మందం ఉన్నంత మేర నా వేళ్లు ముందే లివర్‌ను పట్టుకుంటాయి, ఆ మిగిలిన సందు పూడుతుంది. చుట్టి చూశాను. బండి జరగడం పూర్తిగా పోలేదు గానీ చాలావరకు తగ్గింది. ఆమెను ఒడ్డుకు ఎక్కించి, ఆటో వచ్చేదాకా పక్కన కూర్చున్నాను. వచ్చే వేసవికి ఇల్లు తేలకపోతే ఏం చేస్తారని అడిగాను.

"తేలకపోతే ఒడ్డు మీద కూసుంట" అంది.

తెనాలి

మెల్లగా, ఆగుతూ ఇంటికి చేరాను. వాకిట్లో రమణ నిలబడి ఉన్నాడు. వాడు అడగకముందే చెప్పేశాను: "బండికి ఏమీ లేదురా. నా చెయ్యే పోతోంది." వాడు అమ్మకం మాట ఎత్తలేదు. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

విరిగిన చోట నరం నొక్కుకుపోయిందట. వేళ్లను లాగే తాళ్లు లోపల అతుక్కుపోయాయట. ఇంకా ఆలస్యం చేసి ఉంటే స్పర్శ తిరిగి వచ్చేది కాదన్నాడు డాక్టరు. ఇప్పుడు కూడా వస్తుందని మాట ఇవ్వలేదు. ఆపరేషను అయ్యింది. మెత్తటి బంతి ఇచ్చి నొక్కమన్నారు. బంతిని ఎంత నొక్కానో నాకు తెలిసేది కాదు, చెయ్యి అబద్ధం చెబుతుందని ఆ నది అడుగునే తెలుసుకున్నాను కదా.

అందుకని గాయం మానగానే నేనూ రమణా ఇంకో పద్ధతి పెట్టుకున్నాం. రోజూ పొద్దున బండిని వాకిట్లోకి తీసి, లివర్ మీది గుడ్డ విప్పేసి, స్టార్టు చేసి, మొదటి గేరు వేసి క్లచ్ పడతాను. రమణ ముందు చక్రానికి ఎదురుగా నిలబడి రెండు అరచేతులూ హెడ్‌లైటు మీద ఆనిస్తాడు. బండి ఎంత తోస్తే నా వేళ్లు అంత తెరిచి ఉన్నట్టు. "తోస్తోందక్కా" అనేవాడు మొదట్లో, వెనక్కి జరుగుతూ. తర్వాత "కొంచెం తోస్తోంది" అన్నాడు. కొన్ని రోజులు ఏ మార్పూ లేదు.

ఈ పొద్దున కూడా పట్టాను. చూపుడు వేలి కొసకు లివర్ చల్లగా తగిలింది. రమణ కాసేపు అలాగే ఉండి, చేతులు తీసేశాడు. బండి కదలలేదు. వాడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, చక్రం ముందు నుంచి పక్కకు జరక్కుండా, అక్కడే నిలబడ్డాడు.